సున్నం లంద మీద ఒట్టు

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఇబ్రహీంపట్నం రేవు పక్కన మాదిగగూడెం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. ఏరు వెనక్కి జరిగి జరిగి, ఆడవాళ్లు ఇసుకలో కాళ్లు కాల్చుకుంటూ పోయి బిందె తెచ్చుకోవాల్సి వస్తోంది. ఊరి మంచినీళ్ల బావిలో తమకూ చేద వేయనిచ్చేదాకా చచ్చిన గొడ్డును లాగబోమనీ, రైతులకు చెప్పు గానీ నీళ్లు తోడే మోట గానీ కుట్టబోమనీ గూడెం మొత్తం తెరేసమ్మ లందలో చేతులు ముంచి ఒట్టు వేసుకుంది. లంద అంటే తోళ్లు ఊరేసే తొట్టి. రైతులు ఊరుకుంటారా? పొలం పనులకు పిలవడం మానేశారు. గూడెంలో పొయ్యిలు ఒంటిపూటకు వచ్చాయి. అట్లాంటి సమయంలో ఊళ్లో పెద్దరైతు బసవపున్నయ్య గారి బండెద్దు చచ్చిపడింది. తాడు పట్టే దిక్కులేక, పోయినవారం మనం కథ ఆపేసరికి ఆయనే స్వయంగా లంద దారి పట్టాడు.

ఆయన రావడం తెరేసమ్మ చూడలేదు. చూసే ఓపిక కూడా లేదు ఆమెకు. ఆమె కళ్లన్నీ తోలుతిత్తి మీదే ఉన్నాయి.

ఈ తిత్తి సంగతి కాస్త చెప్పాలి. ఎద్దుతోలును మొదట సున్నం లందలో ఊరేస్తారు. వెంట్రుక ఊడి వచ్చాక గీకి, కడిగి, తంగేడు చెక్క, అంటే బెరడు, ఊరిన నీళ్లున్న రెండో లందలో వేస్తారు. ఆ పైన దాన్ని సంచిలాగా కుట్టి, మూడు వాసాలు కట్టి వేలాడదీసి, నిండా చెక్కనీళ్లు పోస్తారు. ఆ నీళ్లు తోలులోంచి చెమట పట్టినట్టు పట్టి కింద పెట్టిన కుండలోకి దిగుతాయి. దిగినవాటిని ముంచి మళ్లీ పైన పోయాలి. తిత్తి వెలితి పడితే పైభాగం ఎండి బిగుసుకుపోతుంది, ఇక దాంతో చెప్పు అడుగు కూడా రాదు. అంచేత ముంచడం, పోయడం, ముంచడం, పోయడం. మొగుడు బతికున్నప్పుడు చెరొక పూట పోసేవాళ్లు. ఇప్పుడు కొడుకు బెజవాడ వన్‌టౌనులో బస్తాలు మోయడానికి పోయాడు. మిగిలింది తనూ, కోడలు రావమ్మా. కుడి భుజం పైకి లేవనంటోంది. ఎడమచేత్తో పోస్తే సగం ఒంటి మీదే పడుతోంది. ఒట్టుకు ముందే ఊరేసిన తోలు కాబట్టి దీన్ని ముగించి బెజవాడ షాపుకు అమ్ముకోవచ్చని గూడెం ఒప్పుకుంది. గూడెంలో పనిమీదున్న తోలు ఇదొక్కటే. ఇది తేలితే ఇంట్లో వానలదాకా గంజి ఉంటుంది.

“తెరేసూ!”

తిరిగి చూసి, చేద కుండలో పడేసి, తడికొంగు సర్దుకుంది. “అయ్యో, దొరగారా! తమరెందుకండీ ఇట్లా వచ్చారు? కబురు పెడితే నేనే వద్దునుగా.”

“కబురు ఎవరి చేత పెట్టమంటావ్? మీవాళ్లెవరూ మా వీధి మొహం చూట్టం లేదాయె.”

బసవపున్నయ్యకు అరవై దాటాయి. ఏనాడూ ఈ ఏటిగట్టు దిగలేదాయన. మోట తోలు కావాలన్నా, చెప్పులు కావాలన్నా పైనే నిలబడి, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని కేకేసేవాడు. అలాంటిది ఈ మధ్యాహ్నం లందకు నాలుగు బారల దూరం దాకా వచ్చాడు. ఉత్తరీయం భుజం మీదే ఉంది.

తెరేసమ్మ అటు చూడటం ఆయన గమనించాడు. “ఏంటే చూస్తావ్? మా ఇంటి వాసన ముందు నీ లంద వాసన నయం.”

ఇంకో రోజైతే తెరేసమ్మ నవ్వేదే. నవ్వు పెదాలదాకా వచ్చి, ఓపికలేక అక్కడే ఆగిపోయింది.

“నిన్న పొద్దున పడింది. ఎండ చూశావుగా. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగట్లేదు. మా ఇంటావిడ పద్మావతమ్మ చెల్లెలింటికి పోయి కూర్చుంది. పాలేళ్లని లాగమంటే ఎవడికి వాడు మా కులం ఒప్పుకోదండీ అంటాడు. కన్నకొడుకులున్నారు ఇద్దరు. దాని మీదెక్కి ఆడుకుంటూ పెరిగారు ఎదవలు. తాడు తెమ్మంటే చెరో దిక్కుకీ పోయారు.” ఆయన ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. “నా వల్ల కావట్లేదే. రాబందులు ఇంటి కప్పు మీద కూర్చుంటున్నాయి.”

పాపం అనిపించింది తెరేసమ్మకు. అనిపించదూ మరి? ఆ ఎద్దును దూడప్పటి నుంచీ ఎరుగును. ఇసుకబండి లాగి మెడ పుండుపడితే దాని కాడికి మెత్తని తోలు చుట్టింది తన మొగుడే.

“మంచి ఎద్దండీ అది. పోయిందని తెలిసి నాకూ ప్రాణం ఉసూరుమంది. కానీ ఏం చెయ్యను? ఒట్టేసుకున్నాం. బావి మాట తేల్చండి, ఇప్పుడే నలుగురం వచ్చి మర్యాదగా తీసుకుపోతాం.”

“బావి నా ఒక్కడిదా? ఊరందరిదీ.” బసవపున్నయ్య తిత్తి కేసి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “అయినా ఒట్టూ ఒట్టూ అంటావు, ఆ ఒట్టు చెల్లదటగా?”



“ఏ... ఏంటండీ?”

“లందలో తోలు ఊరుతుంటేనే మీకు అది ఒట్టట. తోలు లేకపోతే వట్టి సున్నపు నీళ్లట. ఆ రోజు లందలో తోలు లేదట. నిజమేనా?”

 ఆమె మొహం చూశాక ఆయనకు వేరే జవాబు అక్కర్లేకపోయింది.

“ఎవరు చెప్పారని అడక్కు. మీవాళ్లే చెప్పారు. చూడు తెరేసూ, పొద్దుగూకేలోగా మీవాళ్లు వచ్చి ఎద్దును తీస్తే సరే. లేదూ, రేపు పొద్దున్నే నేనే గూడెంలోకొచ్చి అందరి ముందూ ఈ మాట అంటాను. ఆకలిమీదున్న జనం. ఒట్టు లేదని తెలిశాక ఇంకా ఎవడాగుతాడు?”

ఆయన గట్టెక్కి వెళ్లిపోయాడు. తెరేసమ్మ కుండ పక్కనే చతికిలబడింది. తిత్తి వెలితి పడుతోందని తెలుసు. లేవలేకపోయింది.

బసవపున్నయ్య అన్నది అక్షరాలా నిజం. ఈ గూడెంవాళ్లు ఆదివారం చర్చికి పోయి మోకరిస్తారు, తెరేసమ్మ పేరు పెట్టింది కూడా పాదిరిగారే. కానీ మాట మీద నిలబడాల్సి వచ్చినప్పుడు మాత్రం తాతలనాటి సున్నం లంద దగ్గరికే వస్తారు. ఎల్లమ్మ తల్లి తరిమేవాళ్ల నుంచి తప్పించుకుని లందలో దాక్కుందని, లందలో తోలున్నంతసేపూ ఆ తల్లి అందులో ఉంటుందని నమ్మకం. తోలు తీసేశారా, తల్లి లేచిపోయినట్టే. ఒట్టేసిన రోజుకు ముందు సాయంత్రమే తెరేసమ్మా రావమ్మా తోలును సున్నంలోంచి తీసి చెక్కనీళ్లలోకి మార్చారు. సున్నపు నీళ్లు మజ్జిగలాగా తెల్లగా ఉంటాయి. అడుగున తోలుందో లేదో పైనుంచి ఎవరికి తెలుస్తుంది? యుద్ధంలో బర్మా రోడ్ల పనికి పోయొచ్చిన తన తమ్ముడు పుల్లయ్య ముందుండి, అక్కడ నేర్చిన మాటలన్నీ కలిపి ఉపన్యాసం ఇచ్చి, అందరికన్నా ముందు తనే చెయ్యి ముంచాడు. ఆ వెనక గూడెం అంతా ఒకరి తర్వాత ఒకరు. కళ్లలో ఆ వెలుగేంటి, ఆ రోషమేంటి! పుట్టి బుద్ధెరిగిన తర్వాత తన జనాన్ని అట్లా చూడలేదు తెరేసమ్మ. ఆగండర్రా, లందలో తోలు లేదు అనడానికి నోరు రాలేదు. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. ఆ రోజు నుంచీ ఆ మాట నెత్తి మీద మోపులాగా మోస్తూనే ఉంది.

తెలిసింది ఇద్దరికి. ఒకరు తను. రెండో మనిషి అప్పుడే దంచిన తంగేడు చెక్క గంపతో గట్టు దిగుతోంది.

“రావమ్మా! బసవపున్నయ్య గారికి నువ్వు చెప్పావా?”

“ఏం చెప్పాను అత్తా?”

“ఏమెరగనట్టు అడక్కు. లందలో తోలు లేదని. మొన్న నూకల కోసం వాళ్ల దొడ్డి కాడికి పోయావంటగా? ఎన్ని నూకలు పోశారేమిటి ఆ మాటకి?”

అన్న తర్వాత అయ్యో అనుకుంది గానీ, నోరు జారిన మాట జారిపోయింది. ఒంట్లో సత్తువ లేనప్పుడు మనిషికి కోపం ఒక్కటే సులువుగా వస్తుంది.

రావమ్మ గంప కిందికి దింపింది. “పోయాను. పిల్లది ఏడుస్తుంటే చూళ్లేక పోయాను. నూకలు లేవు పొమ్మన్నారు, వచ్చాను. ఒట్టి చేతుల్తో వచ్చిన సంగతి కూడా చెప్పారా నీకు, లేక పోవడం ఒక్కటే చెప్పారా?” ఆమె గొంతులో ఏడుపు లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది తెరేసమ్మను. “చెప్పాలనుకుంటే ఆ రోజే అందరి ముందూ చెప్పేదాన్ని. నువ్వు నోరు మూసుకున్నావని నేనూ మూసుకున్నా.”

ఇంక మాట్లాడకుండా చేద తీసుకుని తిత్తికి నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

బసవపున్నయ్య లంద దాకా వచ్చి వెళ్లాడన్న మాట క్షణంలో గూడెంలో పాకిపోయింది. పుల్లయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. బర్మా నుంచి తెచ్చుకున్న ఖాకీ లాగూ అదే, చొక్కా అదే. మనిషే సగమయ్యాడు. వచ్చిన కొత్తలో గట్టు మీద నుంచి కేకేస్తే ఏటవతల పలికేది. ఇప్పుడు ఆ గొంతూ లేదు.

“ఏమన్నాడక్కా ఆయన?”

“కూర్చో. ముందు నేనొకటి చెప్తా, విను.” తెరేసమ్మ తల దించుకుని చెప్పింది. ముందు సాయంత్రం తోలు తీసేయడం, ఒట్టు రోజు నోరు విప్పకపోవడం, ఇప్పుడు బసవపున్నయ్య బెదిరింపు. చెప్పడం అయ్యాక తమ్ముడు మీద పడి అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననిపించింది కూడా.

పుల్లయ్య అరవలేదు. తంగేడు చెక్క ముక్క ఒకటి తీసుకుని గోటితో గిల్లుతూ కూర్చున్నాడు.

“నాకు తెలుసక్కా.”

“ఏం తెలుసురా?”

“ముందు సాయంత్రం రేవు నుంచి వస్తున్నా. నువ్వూ కోడలూ తోలు పట్టుకుని గీకుతున్నారు. చూశాను.”

“చూసి... చూసి కూడా పొద్దున్నే ఆ లందలోనే చెయ్యి ముంచావా?”

“ముంచాను. లోపల ఏమీ లేదని తెలిసే ముంచాను. ఆకలి నేను బర్మా దారిలో చూశానక్కా. ఎంతటివాడైనా పదో రోజుకి ఏం చేస్తాడో చూశాను. వీళ్లంతా కొన్నాళ్లకి ఆగలేక ఎవరో ఒకరు గొడ్డును లాగితే, అమ్మ కన్నెర్ర చేసిందని జన్మంతా కుమిలి చస్తారు. అదెందుకు? ఒట్టుందనుకుంటే రోషంగా నిలబడతారు. నిలబడలేకపోతే, అసలు ఒట్టే లేదని నేను చెప్పొచ్చు. ఎవరికీ పాపం అంటదు.”

 మాట చెడ్డది కాదు, మనసూ చెడ్డది కాదు. అయినా తెరేసమ్మకు ఎక్కడో కాలింది.

“మరి బసవపున్నయ్యకెవరు చెప్పారు?”

పుల్లయ్య చెక్క ముక్క ఏటి వైపు విసిరేశాడు. “నేనే.”

రావమ్మ చేతిలో చేద ఆగిపోయింది.

“నా నోటితో నేనెట్లా చెప్పనక్కా గూడెంకి? ముందు నిలబెట్టినవాణ్ని నేనే, ఇప్పుడు ఇళ్లకు పొమ్మని నేనే చెప్పనా? ఆయన బయటపెడితే మనం ఓడిపోయినట్టు ఉండదు. ఒట్టే లేదంట పదండి అని తలెత్తుకుని పనుల్లోకి పోతారు. నా వల్ల కావట్లేదు. రాత్రిళ్లు పిల్లల ఏడుపులు గోడల్లోంచి వినిపిస్తున్నాయి.”

“నేను ఈ పిల్లని అన్నానురా,” అంది తెరేసమ్మ. “నూకలకి అమ్ముడుపోయావని అన్నాను దీన్ని. ఇప్పుడే. ఇక్కడే.”



తెరేసమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. మూడు తరాల నుంచీ తోలు కోస్తున్న గూటకత్తి పాకలోంచి తెచ్చింది. తిత్తికి కట్టిన పై తాడు మీద కత్తి పెట్టింది.

“అక్కా! ఏం చేస్తున్నావ్? ఇంకో వారం ఆగితే అమ్ముడుపోయే తోలు అది!”

“తెలుసు.”

“ఇంట్లో గింజ లేదు నీకు!”

“అదీ తెలుసు. పట్టుకో రావమ్మా, ఇటు పట్టుకో.”

రావమ్మ అత్త మొహంలోకి ఒక్కసారి చూసింది. తోలు అంచు పట్టుకుంది. తాడు తెగింది, కుట్లు తెగాయి, చెక్కనీళ్లన్నీ భళ్లున కాళ్ల మీదుగా పారిపోయాయి. తేనెరంగు తిరిగిన తోలును ఇద్దరూ ఈడ్చుకుపోయి సున్నం లందలో పడేశారు. చెక్క పట్టిన తోలు సున్నంలో పడితే నల్లబడి, పెళుసెక్కి, ఎందుకూ కొరగాకుండా పోతుందని గూడెంలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెరేసమ్మ దాన్ని గెడకర్రతో అడుక్కి నొక్కింది. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నొక్కింది.

“వెళ్లి అందర్నీ పిలువు,” అంది పుల్లయ్యతో. “నువ్వు పిలుస్తావా, నేను పోయి పిలవనా?”

జనం వచ్చారు. కబురు ఎద్దు గురించేమో అనుకుని కొందరు, గింజల గురించేమో అనుకుని కొందరు. అంత ఎండలోనూ అందరూ వచ్చారు. తెరేసమ్మకు ఉపన్యాసాలు రావు. లంద గట్టు మీద నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఒట్టేసిన రోజు ఇందులో తోలు లేదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు. అంచేత మీ ఎవరి మీదా ఒట్టు లేదు. పిల్లలున్నారు, ఆకళ్లున్నాయి. పోదామనుకున్నవాళ్లు ఇప్పుడే పోండి, పల్లెత్తు మాట అనను. ఇదుగో, ఇప్పుడు తోలు వేశాను. నిలబడదామనుకున్నవాళ్లు మళ్లీ చెయ్యి పెట్టండి. ఈసారి ఉత్త సున్నం కాదు, ఆలోచించుకుని పెట్టండి.”

 ఎవరో ముసలాయన దగ్గాడు. వెనక వరసలో ఇద్దరు మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తలలు వంచుకుని ఊరి దారిన నడిచారు. వాళ్ల ఆడవాళ్లు పిలవలేదు, ఆపలేదు.  పోతారు, అందరూ పోతారు, పోనీ అనుకుంది తెరేసమ్మ.

అప్పుడు రావమ్మ గాజులు మోచేతి మీదికి తోసుకుని, లంద దగ్గర వంగి, అడుగునున్న తోలు తగిలేదాకా చెయ్యి ముంచింది. లేచి, సున్నం కారుతున్న చెయ్యి తుడుచుకోకుండా అత్త పక్కన వచ్చి నిలబడింది. తెరేసమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. 

రావమ్మ వెనక, ఇందాక దగ్గిన ముసలాయన వచ్చాడు. ఆయన వెనక చంకలో బిడ్డతో ఒక పిల్లతల్లి. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియనట్టు వచ్చారు. మొదటిసారి ఉన్న కేకలు లేవు, రోషాలు లేవు. అలిసిపోయినవాళ్లు రేవులో కాళ్లు కడుక్కున్నంత నెమ్మదిగా ఒక్కొక్కరే వంగి, ముంచి, పక్కకు తప్పుకున్నారు.

చివరకు పుల్లయ్య మిగిలాడు.

చొక్కా చెయ్యి పైకి మడిచాడు. లంద అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. తెల్లటి నీళ్లకు జానెడు ఎత్తున అతని చెయ్యి నిలిచిపోయింది.

“ముంచు మావయ్యా,” అంది రావమ్మ.

“ముంచరా,” అంది తెరేసమ్మ. “నువ్వు ఆయనకి చెప్పినదానికి నేను తిట్టనులే. ముంచు.”

పుల్లయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి నిలబడి, ఇన్నాళ్ల తర్వాత మళ్లీ ఆ పాత గొంతుతో, గూడెం అంతా వినేట్టు అన్నాడు.

“నా వల్ల కాదక్కా. పొద్దుగూకేలోగా ఎద్దును తీయిస్తానని బసవపున్నయ్యకి మాటిచ్చాను. బదులుగా ఊరి బావిలో చేద వేయనిస్తానన్నాడు. గూడెం అందరికీ కాదు. నా ఇంటికీ, నీ ఇంటికీ.”

నీకూ ఈ సంగతి తెలుసా అన్నట్టు లంద చుట్టూ ఉన్న జనమంతా తెరేసమ్మ వైపు తిరిగారు.